శనివారం ఫైళ్ల పేర్లు మార్చబోతున్న చిన్నీకి

చిన్నీ,

నువ్వు లీడ్ అయ్యావనీ, ఈ శనివారం ప్రాజెక్టులో ఫైళ్ల పేర్లన్నీ మార్చేస్తున్నావనీ అక్క ఫోన్లో చెప్పింది. అక్కకి అది అటక సర్దినంత పని. నాకు మాత్రం ఎంత సంతోషమో అంత టెన్షన్.

కోడ్‌లో మార్పుల చిట్టా రాసే గిట్‌లో విడి కాపీలాంటి బ్రాంచ్ తీసుకో, పేరు మార్చే 'గిట్ ఎంవీ' వాడు, టీమ్‌కి ముందే చెప్పు. ఇవి నీకు తెలిసినవే. పెద్దక్షరాన్ని చిన్నక్షరం చేయడమే అయితే మధ్యలో వేరే పేరు పెట్టి రెండు అంచెల్లో మార్చు. ఆ తేడా నీ మ్యాక్ పట్టించుకోదు, లినక్స్ సర్వర్ ఊరుకోదు.

నా గోల వేరే. 2011లో జీతాల లెక్కల ఫైలు ఒకటి పేరు మార్చాను. ఎలాగూ తెరిచాను కదా అని లోపల కూడా సగానికి పైగా తిరగరాసి, రెండూ ఒకే కమిట్‌లో, అంటే చిట్టాలో ఒకే పద్దుగా పెట్టాను. గిట్ పేరు మార్పుని ఎక్కడా రాసుకోదమ్మా. పోయిన ఫైలునీ వచ్చిన ఫైలునీ పోల్చి చూసి, మామూలుగా 50 శాతమైనా కలిస్తేనే రెండూ ఒకటే అనుకుంటుంది. నాది కలవలేదు, పాత ఫైలు చరిత్ర కొత్తదానికి అంటలేదు.

జనవరిలో ఓ వింత లైను కంటపడింది: ఫలానా కోడ్, నెల 2 అయితే 300. ఏ లైను ఎవరు రాశారో చూపే బ్లేమ్ కొడితే నా పేరు. పాత పేర్ల దాకా వెనక్కి వెళ్లే 'లాగ్ --ఫాలో' పెడితే నా కమిట్ దగ్గరే ఆగింది. నిద్రమత్తులో నేనే రాసుంటాననుకుని తీసేశాను. మహారాష్ట్రలో జీతంలోంచి కోసే ప్రొఫెషనల్ ట్యాక్స్ 11 నెలలు నెలకి 200, ఫిబ్రవరిలో 300, మొత్తం 2500. హైదరాబాద్‌లో కూర్చున్న నాకేం తెలుసు? పుణె వాళ్లందరికీ ఫిబ్రవరిలో తగ్గిన వందని మార్చిలో కోశారు. ఫోన్లన్నీ నాకే.

ఆ లైను రాసిన సారు అప్పటికే రిటైరయ్యారు. కారణం మాత్రం కమిట్ మెసేజ్‌లో శుభ్రంగా రాసి వెళ్లారు. కొత్తగా చేరిన కుర్రాడు 'గిట్ లాగ్ --' పక్కన పాత పేరు కొట్టి నిమిషంలో తీశాడు. ఆ మెసేజ్ చదివి తలెత్తలేకపోయాను.

అందుకే పేరు మార్పు ఒక కమిట్, లోపలి మార్పులు ఇంకోటి. బ్రాంచ్‌ని తిరిగి కలిపే మెర్జ్‌లో స్క్వాష్ నొక్కావంటే రెండూ మళ్లీ ఒకటైపోతాయి, నొక్కావో చూడు! నువ్వు తొందరమనిషివి, చిన్నప్పుడు ఇంకు ఆరకుండానే పేజీ తిప్పేదానివి.

శనివారం అన్నం తిని కూర్చో. అయ్యాక ఎంత రాత్రయినా సరే, ఒక మిస్డ్ కాల్ ఇవ్వు.

మామయ్య