కారు కొన్నారు, ఫీజు మీద పడింది

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లెటూరు. మూడెకరాల కొబ్బరి తోట ఉంది. అమ్మాయి భీమవరంలో బీటెక్ రెండో ఏడాది, ఎంట్రన్స్ ర్యాంకుతో వచ్చిన కన్వీనర్ సీటు. మొదటి ఏడాది ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చింది. ఈసారి నా పేరు మీద కారు ఉందని అనర్హుల జాబితాలో పెట్టారని గ్రామ సచివాలయంలో చెప్పారు. కిందటేడు సెకండ్ హ్యాండ్‌లో 2,10,000కి కొన్న కారు అది. పరీక్షల లోపు 62,000 కట్టాలని కాలేజీ వాళ్లు అంటున్నారు. ఊళ్లో ఒకాయన నూటికి మూడు రూపాయల వడ్డీకి ఇస్తానన్నారు. తీసుకోమంటారా? కారు మా బావమరిది పేరుకి మారిస్తే స్కాలర్‌షిప్ మళ్లీ వస్తుందా? అబ్బాయి ఇంటర్ రెండో ఏడాది. ర్యాంకు రాకపోతే మేనేజ్‌మెంట్ సీటు తీసుకోవచ్చా?

జవాబు: మూడు రూపాయల వడ్డీ జోలికి వెళ్లకండి. 62,000కి నెలకు 1,860, ఏడాదికి 22,320 వడ్డీకే పోతుంది. అసలు మాత్రం అలాగే ఉంటుంది. ఆయన ఎంత మంచివాడైనా సరే, పరీక్షల ముందు ప్రామిసరీ నోటు పట్టుకుని ఎదురొచ్చే వాళ్లను నేను నమ్మను. ఇంట్లో బంగారం ఉంటే బ్యాంకులోనో సొసైటీలోనో పెట్టండి. అక్కడ వడ్డీ రూపాయికి కాస్త అటూ ఇటూగా ఉంటుంది. ఈ గండం దానితో గట్టెక్కుతుంది.

మీ ఉత్తరానికి ఇంత పొడుగు జవాబు రాయడానికి కారణం కారు కాదండీ. చేతిలో ఉన్న డబ్బంతా కారుకి పెట్టేసి, అమ్మాయి చదువుని సర్కారు ఖాతాలో రాసేశారు చూడండి, అదీ కారణం. ఇలాంటి ఉత్తరాలు నాకు నెలకి నాలుగైనా వస్తాయి.

ఫీజు పథకం ఖజానాలో ఎంతుంటే అంత సాగుతుంది. డబ్బు చాలకపోతే పథకం ఎత్తేస్తున్నామని ఏ ప్రభుత్వమూ అనదు, అర్హత రూలు మారుస్తుంది. 2012లో బీసీ, ఈబీసీ ఇంజనీరింగ్ పిల్లల్లో 10,000 లోపు ర్యాంకు వాళ్లకే పూర్తి ఫీజు, మిగతా వాళ్లకి 35,000 వరకే అన్నారు. 2019లో పూర్తి ఫీజు ఇస్తామన్నారు, ఆదాయ పరిమితి 2,50,000కి పెంచారు. ఆ చేత్తోనే మాగాణి పదెకరాల లోపు ఉండాలి, నాలుగు చక్రాల బండి ఉండకూడదు అని కలిపారు. టాక్సీ, ఆటో, ట్రాక్టర్లకి మినహాయింపు ఇచ్చారు గానీ మీ సెకండ్ హ్యాండ్ కారు అందులోకి రాదు. 2020లో ప్రైవేటు కాలేజీల పీజీ పిల్లల్ని ఒక్క జీవోతో పక్కన పెట్టారు. 2021లో డబ్బు తల్లుల ఖాతాల్లో పడింది, 2024 నుంచి మళ్లీ కాలేజీలకే అన్నారు. తల్లుల ఖాతాలో పడిన సొమ్ముతో తాకట్టులోని పుస్తెలతాడు విడిపించుకుని, తర్వాత కాలేజీ ఫోన్లకి భయపడి సెల్ ఆపేసిన ఇల్లు నాకు తెలుసు. వాళ్లని ఏమనగలం?

అందుకే నా పాత పాటే మళ్లీ పాడతాను. స్కాలర్‌షిప్ వచ్చినా రాకపోయినా, ఒక ఏడాది ఫీజు, ఆరు నెలల ఇంటి ఖర్చు మీ చేతిలో ఉండాలి. ఇంకే పెట్టుబడైనా దాని తర్వాతే. కొబ్బరి రైతుకి ఇది మరీ అవసరం. 1996 నవంబరు తుఫానుకి కోనసీమలో చెట్లు ఎలా పడ్డాయో మీకు నేను చెప్పాలా? మళ్లీ మొక్క వేస్తే కాపుకి ఐదారేళ్లు. అంబాజీపేట కొబ్బరి మార్కెట్లో రేటు పడిపోతే చెట్టు నిలబడి ఉన్నా ఒకటే. 45 రోజులకోసారి కాయ దింపు తీయిస్తారు కదా, కాయ డబ్బు చేతికి రాగానే దింపు కూలి ఇచ్చి, వెంటనే 5,000 వేరే ఖాతాలో వేయండి. ఏడాదికి ఎనిమిది దింపులు, 40,000. ఆ ఖాతా ఏటీఎం కార్డు ఇంట్లో ఎవరి దగ్గరా ఉండకూడదు, మీ దగ్గర అసలు ఉండకూడదు.

కారు సంగతి. బావమరిది పేరుకి మార్చి మీరే నడుపుతానంటే అది దొంగ లెక్క. అమ్మాయి చదువుని అలాంటి కాగితం మీద నిలబెట్టకండి. నిజంగానే అమ్మేయండి. అర్హత తిరిగి వస్తుందన్న ఆశతో కాదు, అత్యవసర నిధికి మొదటి వాయిదా అవుతుందని. అమ్మాక ఆర్సీ కొన్నవాళ్ల పేరుకి మారిందో లేదో మీరే దగ్గరుండి చూసుకోండి. బండి పాలకొల్లులో తిరుగుతున్నా రవాణా శాఖ రికార్డులో మీ పేరే ఉంటే, సచివాలయం కంప్యూటర్‌కి మీరే కారు ఓనరు.

అబ్బాయికి మేనేజ్‌మెంట్ సీటు వద్దు, దానికి రీయింబర్స్‌మెంట్ రాదు. కన్వీనర్ సీటు వచ్చిన కాలేజీలోనే చేర్పించి, తక్కువ పడితే బ్యాంకు విద్యారుణం చూడండి. మీ పేరు మీద టర్మ్ పాలసీ, అంటే జీవిత బీమా, లేకపోతే అదీ ఈ నెలలోనే.

సోమవారం చించినాడ వంతెన దాటి కాలేజీ అకౌంట్స్ సెక్షన్‌కి మీరే వెళ్లండి, అమ్మాయిని పంపకండి. సగం ఇప్పుడు, సగం వచ్చే దింపు తర్వాత కడతానని కాగితం రాసివ్వండి. వాళ్లు ఒప్పుకుంటే, బ్యాంకులో పెట్టాల్సిన బంగారం సగానికి తగ్గుతుంది.