ఆ పెద్దామె బత్తాయిలు ఎందుకు తెచ్చినట్టు?

ప్రశ్న: అక్కా, నాకు 36 ఏండ్లు. ఎంఎస్సీ కెమిస్ట్రీ చదివిన. 2019 ఏప్రిల్‌ల జూనియర్ పంచాయతీ కార్యదర్శిగ చేరిన. అప్పుడు జీతం 15 వేలు, తర్వాత 28,719 చేసిన్రు, ఆఖరుకు రెగ్యులర్ అయిన. ఇల్లు నల్లగొండల, డ్యూటీ మర్రిగూడ దిక్కు ఒక ఊర్ల. బండి మీద గంటకు పైనే పడ్తది. పొద్దున్నే ఊర్ల ఉండాలె, ఫొటో దిగి హాజరు వెయ్యాలె. తర్వాత మోరీల ఫొటో, చెత్త ట్రాక్టరు ఫొటో, నర్సరీ ఫొటో. ఒక్కటి లేటయినా గ్రూపుల మా ఊరి పేరు ఎర్ర రంగుల పెడ్తరు. సర్పంచులు లేని రోజులల్ల డీజిలుకు, బ్లీచింగుకు నా జేబులకెల్లి పెట్టిన పైసలు ఇంక రాలే. చిట్టీ ఎత్తి సర్దుకున్న, మా ఇంటామెకు తెల్వదు. 2024 డిసెంబర్‌ల గ్రూప్-2 రాసిన, రాలే. మా మామ నలుగుర్ల "ఎంఎస్సీ చదివి మోరీలు తీయించే కొలువు" అంటడు. బావమరిదికి గచ్చిబౌలిల సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. చేరిన కొత్తల పని అంటే పానం పెట్టేటోన్ని. ఇప్పుడు పొద్దున లేవబుద్ధి గాదు. మొన్న మా బిడ్డ బొమ్మలను వరుసగ నిలబెట్టి, నా ఫోన్ పట్టుకొని "జల్ది నిలవడుండ్రి, ఫొటో పెట్టాలె" అంటుంది. నవ్విన గని ఆ రాత్రి నిద్ర పట్టలే. ఊర్లోళ్లు మంచోళ్లే. పోయిన నెల ఒక పెద్దామె సంచిల బత్తాయిలు తెచ్చిచ్చింది, ఎందుకిచ్చిందో సుత యాది లేదు. పని మీద మళ్ల మనసు పడాలంటే ఏం చెయ్యాలె?
- ఒక కార్యదర్శి, నల్లగొండ జిల్లా

జవాబు: తమ్ముడూ, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి మామగారి మాట దగ్గర కోపం వచ్చింది, చిట్టీ దగ్గర భయం వేసింది. రెండోసారి బత్తాయిల దగ్గర ఆగిపోయాను. ఆ ముక్క మీరు పక్కమాటగా రాసి వదిలేశారు. మన దిక్కు బత్తాయి తోటలకు కొదవ లేదు, నిజమే. కానీ ఒక పెద్దామె సంచి మోసుకుంటూ పంచాయతీ ఆఫీసు దాకా వచ్చి చేతికిచ్చిందంటే ఊరికే ఇవ్వలేదు. ఆ రోజు మోరీ ఫొటో ఎన్ని గంటలకు పెట్టారని అడిగితే టక్కున చెప్తారు మీరు. ఆమె ఎందుకు వచ్చిందో చెప్పలేకపోతున్నారు.

నాకూ ఇలాంటి కాలం ఒకటి నడిచింది. చాలా ఏళ్ల కింద ఒక సంస్థలో కౌన్సెలింగ్ చేసేదాన్ని. నెలకు ఎంతమందిని చూశామో పట్టిక నింపాలి, తక్కువైతే మీటింగులో నిలబెట్టి అడిగేవాళ్లు. ఒకరోజు ఒక తల్లి నా ఎదురుగా కూర్చుని, కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. నేను ఫారంలో పదకొండో గడిలో ఏ నంబరు వెయ్యాలా అని చూస్తున్నాను. ఆమె ఏడుపు ఆపి, "మీరు రాసుకోండి మేడమ్, అయినంక చెప్త" అన్నది. ఆ నెల పట్టిక నిండుగానే ఉంది. నాకు మాత్రం ఏ పనీ చేసినట్టు లేదు.

మీకు విసుగు పుట్టింది పని మీద కాదేమో, పనికి తీసే ఫొటో మీదేమో చూసుకోండి. రెండూ కలిసిపోయి ఒకటే అనిపిస్తున్నాయి. మీ బిడ్డ ఆటలో కూడా అదే కనబడింది. నాన్న కొలువంటే ఆ పిల్లకు తెలిసింది ఫొటోనే. మోరీ తీసిన తర్వాత దోమలు తగ్గిన వాడను ఆమె చూడలేదు. మీరు చూశారు, కానీ ఇంటికొచ్చి చెప్పలేదు.

ముందు ఒక మాట. మీరు బద్ధకస్తులు కారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో పని తెచ్చే ఈ సొలుపుకు మూడు గుర్తులు చెప్పింది: ఒంట్లో శక్తి పిండేసినట్టు ఉండటం, పని మీద దూరం, వెటకారం పెరగటం, ఎంత చేసినా ఏమీ చేసినట్టు అనిపించకపోవటం. మీ ఉత్తరంలో మూడూ ఉన్నాయి. దీన్ని వాళ్లు జబ్బుల లెక్కలో వేయలేదు. పనిచోట రోజూ పడే ఒత్తిడికి సరైన దారి దొరకనప్పుడు వచ్చే స్థితి అన్నారు. కాబట్టి "మనసు గట్టి చేసుకో, సానుకూలంగా ఆలోచించు" అనే సలహా నా దగ్గర లేదు. పొద్దున్నే అద్దం ముందు నిలబడి మంచి మాటలు చెప్పుకుంటే డీజిలు పైసలు రావు.

1950ల చివర్లో ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త పిట్స్‌బర్గ్ చుట్టుపక్కల సుమారు 200 మంది ఇంజినీర్లను, అకౌంటెంట్లను కదిలించాడు. కొలువులో బాగా సంతోషపడ్డ సందర్భం ఒకటి, బాగా విసిగిన సందర్భం ఒకటి చెప్పమన్నాడు. విసిగిన కథల్లో ఎక్కువగా జీతం, పై అధికారి తీరు, ఆఫీసు కట్టుబాట్లు వచ్చాయి. సంతోషపడ్డ కథల్లో ఫలానా పని నా చేతుల మీద అయింది, నలుగురు గుర్తించారు, నన్ను నమ్మి బాధ్యత ఇచ్చారు అనేవి వచ్చాయి. అంటే ఇవి రెండు కుండలు. ఒకదాని చిల్లు పూడిస్తే రెండోది దానంతట అది నిండదు. ఆయన లెక్క మీద తర్వాతి వాళ్లు బాగానే వాదులాడుకున్నారు, అది వాళ్ల గొడవ. మీకు మాత్రం ఇది సరిగ్గా అతుకుతుంది. రెగ్యులర్ అయితే అన్నీ కుదుటపడతాయని నాలుగేళ్లు ఎదురుచూసి ఉంటారు. రెగ్యులర్ అయ్యారు. భయం తగ్గింది, సంతోషం మాత్రం రాలేదు కదా?

చిల్లు సంగతి ముందు చూద్దాం. 2024 ఫిబ్రవరి 1న పాత సర్పంచుల గడువు అయిపోయాక మీరు పెట్టిన ఖర్చంతా ఒక కాగితం మీదికి తెండి. ఏ తేదీ, ఎన్ని లీటర్ల డీజిలు, ఏ బంకు, బ్లీచింగ్ ఏ దుకాణం, ఏ రసీదు ఉంది, ఏది పోయింది. లేని రసీదు ఉన్నట్టు మాత్రం రాయకండి. దాన్ని పంచాయతీ ముందు పెట్టి తీర్మానం అడగండి. ఒక నకలు ఎంపీడీఓ ఆఫీసులో ఇచ్చి ముట్టినట్టు ముద్ర వేయించుకోండి. మీ మండలంలో ఇట్లా జేబులోంచి పెట్టినవాళ్లు మీరొక్కరే అయి ఉండరు, కలిసి పోతే మాటకు బరువు ఉంటుంది. పైసలు రేపే వస్తాయని నేను అనను. కానీ లోపల కుళ్లుతున్న లెక్క ఫైలులోకి ఎక్కుతుంది. ఇకమీదట తీర్మానం లేకుండా రూపాయి తీయొద్దు. మీ కష్టం ఊరికి ఇవ్వండి. మీ బిడ్డ ఫీజు పైసలు ఇవ్వొద్దు.

చిట్టీ సంగతి మీ ఇంటామెకు ఈ వారంలోనే చెప్పండి. బయటినుంచి తెలిస్తే పోయేది పైసలొక్కటే కాదు. ఇంకొకటి గమనించాను. మామ ఏమన్నాడో రాశారు, బావమరిది ఎక్కడున్నాడో రాశారు, మీ భార్య ఏమంటుందో ఒక్క మాట లేదు. బహుశా ఆమె ఏమీ అనలేదు. లేదా మీరు అడగలేదు. రోజూ మీతో బతికేది ఆమె, ఆమె మాటకు విలువ ఇచ్చి మామగారి మాటను గుమ్మం బయట ఉంచండి. ఆయన మళ్లీ నలుగురిలో అంటే, "ఆ మోరీలు తీయకపోతే బోదకాలు దోమలొస్తయి మామా" అని నవ్వుతూ అని ఊరుకోండి. అంతకు మించి జవాబు అక్కరలేదు.

ఇప్పుడు రెండో కుండ. ఫొటోలు మానేయమని చెప్పను, మెమో వస్తుంది. వాటికి ఒక వేళ పెట్టండి. పొద్దున పనులు అయ్యాక అన్నీ ఒక్క ఊపులో పంపేసి, ఫోన్‌ను ఒక గంట టేబుల్ సొరుగులో పడేయండి. ఆ గంటలో ఒక్క మనిషి పని చివరికంటా చేయండి. చనిపోయిన రైతుకు మరణ ధ్రువపత్రం కావచ్చు. 2018 ఆగస్టులో వచ్చిన రైతుబీమాలో 59 ఏళ్ల లోపు రైతు పోతే ఇంటివాళ్లకు 5 లక్షలు అందేది కాగితాలు సరిగ్గా ఉంటేనే. ఆ కాగితాల్లో ఒకటి మీ దగ్గర పుట్టాలి. బిడ్డ పుట్టిన సంగతి 21 రోజుల్లోపు రిజిస్టరులో ఎక్కించటం కావచ్చు. గడువు దాటితే ఆ తల్లి ఎన్ని ఆఫీసులు తిరగాలో నాకంటే మీకే తెలుసు. రాత్రి పడుకునే ముందు ఒక నోటుబుక్కులో ఒక్క వరుస రాయండి. పని పేరు కాదు, మనిషి పేరు రాయాలి. "ఫలానా యాదమ్మ, నల్లా కనెక్షన్" అన్నట్టు. ఇది ఏ యాప్‌లోనూ ఎక్కించేది కాదు.

2001లో ఇద్దరు అమెరికా పరిశోధకురాళ్లు ఆసుపత్రిలో ఊడ్చి తుడిచే వాళ్ల గురించి రాశారు. ఒకటే పని, ఒకటే జీతం. కొందరు చెప్పింది తుడిచి వెళ్లిపోయేవాళ్లు. కొందరు మాత్రం రోగులను పలకరిస్తూ, వాళ్ల తోడొచ్చిన వాళ్లకు దారి చూపిస్తూ, రోగి కోలుకోవటంలో తమకూ చేయి ఉందని లెక్కేసుకునేవాళ్లు. పని ఇష్టమని చెప్పింది ఈ రెండోవాళ్లే. మన సర్కారు దవాఖానల్లో కూడా ఇలాంటి ఆయమ్మ ఒక్కరైనా మీకు తగిలే ఉంటుంది.

మీ పనిలో మీదంటూ ఒక మూల ఉండాలి. అది నాకు మీ చదువులోనే కనబడుతోంది. మామగారు ఎంఎస్సీ అని ఎత్తిపొడిస్తే మీరు తల దించుకున్నారు. నేనైతే ఆయన్ను ఊరి మంచినీళ్ల ట్యాంకు దగ్గరికి తీసుకుపోయేదాన్ని. బ్లీచింగ్ పౌడర్‌లో కొత్తగా ఉన్నప్పుడు దాదాపు మూడో వంతు క్లోరిన్ ఉంటుంది. సంచి మూతి విప్పి చెమ్మ మూలన పడేస్తే వాసన ఉంటుంది, బలం ఉండదు. ఎంతమంది ఇది ఎరగక అదే డబ్బాడు కలిపి చేతులు దులుపుకుంటారో మీకు తెలుసు. ట్యాంకు దగ్గర కాదు, చివరి వాడ చివరి నల్లా దగ్గర లీటరుకు 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలి. పరీక్ష గొట్టంలో నీళ్లు పట్టి ఆర్థోటోలిడిన్ చుక్కలు వేస్తే లేత పసుపు తేలాలి. తేలలేదంటే ఆ వాడలో పిల్లలకు వాంతులు, విరేచనాలు రాకముందే మీకు తెలిసిపోయినట్టు. ఈ చుక్కలు మీరే వెయ్యండి, వాడకొకసారి. దానికి ఎవరి ఆర్డరూ అక్కరలేదు.

పైగా మీరున్నది మర్రిగూడ దిక్కు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంగిన మనుషులు అక్కడ ఇంకా అరుగుల మీద కూర్చునే ఉన్నారు. నీళ్లలో పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని 'నీరి' అనే జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు 1970లలో తయారుచేస్తే, దానికి లోకమంతా నల్లగొండ టెక్నిక్ అనే పేరు నిలిచింది. కెమిస్ట్రీ చదివిన మనిషికి ఇంతకంటే తగిన ఊరు ఎక్కడ దొరుకుతుంది? ఇప్పుడు మిషన్ భగీరథ నీళ్లు నల్లాల్లో వస్తున్నాయి. పైపు పగిలిన రోజు మాత్రం జనం మళ్లీ బోరు దగ్గరికే పోతారు. ఊళ్లో ఒక్కొక్క బోరు నీళ్లు పరీక్షకు పంపించండి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన బోరుకు "తాగొద్దు, బట్టలకే" అని ఎర్ర పెయింటుతో రాయించండి. గ్రూపులో వాళ్లు పెట్టే ఎరుపు ఎలాగూ ఆగదు, ఇది మీరు పెట్టే ఎరుపు.

గ్రూప్స్ సంగతి. ఆరేళ్లుగా మీరు ఈ కొలువును కిరాయి ఇల్లులా చూస్తున్నారు. రేపోమాపో ఖాళీ చేసేదే కదా అనుకున్న ఇంట్లో ఎవరూ గోడకు మేకు కొట్టరు. రాయాలనుంటే ఇంకొక్క నోటిఫికేషన్‌కు రాయండి, దానికి పొద్దునో రాత్రో ఒక గంట కట్టేసుకోండి, అది ఇంట్లో చెప్పి చేయండి. వద్దనుకుంటే పుస్తకాలు ఎవరికైనా ఇచ్చేయండి. ఏది చేసినా నాకు సమ్మతమే. రెండు పడవల మీద కాళ్లు పెట్టి నిలబడటం మాత్రం మీ నడుము విరుస్తోంది.

నిద్ర పట్టకపోవటం ఒకటి రెండు రాత్రులదైతే పర్వాలేదు. రెండు వారాలు దాటి, తిండి మీద మనసు లేక, బతికి ఏం లాభం అనే ఆలోచన వస్తుంటే ఈ సలహాలన్నీ పక్కన పెట్టి డాక్టరును కలవండి. 14416కు ఫోన్ చేస్తే టెలీ మానస్ అనే సర్కారు మానసిక ఆరోగ్య సేవ వాళ్లు తెలుగులోనే మాట్లాడతారు, పైసా ఖర్చు లేదు.

ఒక ఆదివారం బిడ్డను బండి మీద ఎక్కించుకుని ఊరికి తీసుకుపోండి. నల్లా కింద గొట్టం ఆ పిల్ల చేతికే ఇచ్చి చుక్కలు వేయించండి.

అదే రోజు ఆ పెద్దామె ఇల్లు కనుక్కోండి. "బత్తాయిలు తెచ్చినవ్ గద పెద్దమ్మా, ఎందుకు తెచ్చినవో యాది మర్చిన" అని అడగండి. ఆమె నవ్వొచ్చు, తిట్టనూ వచ్చు. ఏం చెప్పిందో నోటుబుక్కు మొదటి పేజీలో రాసుకుని, నాకూ ఒక ఉత్తరం ముక్క పంపండి. అప్పటిదాకా నాకూ తోచదు.