నీ కథ చదివాను, తమ్ముడూ

తమ్ముడూ,

కథ చదివాను. బాగుందని ఒక్క ముక్క రాసి ఊరుకోవచ్చు, నీకూ హాయి, నాకూ పని తక్కువ. కానీ నువ్వడిగింది అది కాదు కదా, ఎక్కడ తేలిపోయిందో చెప్పమన్నావు.

రెండో పేజీ తీసి చూడు. ఉత్తరం చదివిన సుజాత దాన్ని మడిచి పక్కన పెట్టి, అప్పటికే సర్దేసిన సూట్‌కేసు మళ్ళీ తెరిచి, బట్టలన్నీ బయటికి తీసి మొదట్నుంచీ సర్దడం మొదలుపెడుతుంది. అబ్బ, ఎంత బాగా పట్టుకున్నావయ్యా! నువ్వేమో అక్కడ ఆగకుండా, "ఆమె గుండె వెయ్యి ముక్కలైంది, ఎంతో ఒంటరిదాన్నయ్యానని కుమిలిపోయింది" అని తగిలించావు. ఆ బట్టలు సర్దడం చూసిన పాఠకుడికి సంగతి ముందే తెలిసిపోయింది. తనంతట తాను పట్టుకున్నదాన్ని నువ్వు మళ్ళీ విప్పి చెబితే ఒళ్ళు మండదా? ఇలాంటివి ఇంకా ఉన్నాయి, నేను కావాలనే గీతలు గియ్యలేదు, నువ్వే వెతుక్కో. పాత్ర ఒక పని చేసిన వెంటనే 'ఎంతో', 'ఎందుకో', 'తెలియని బాధ' లాంటి మాటలు కనబడితే మాత్రం అనుమానించు.

ఇక సంభాషణలు. "నాన్న పోయి ఐదేళ్ళయింది, అప్పట్నుంచీ ఈ ఇల్లు నువ్వే చూసుకుంటున్నావు కదా" అని ఏ తమ్ముడూ అన్నతో అనడు. ఆ విషయం ఇద్దరికీ తెలుసు. పాఠకుడి చెవిన వెయ్యడానికి నువ్వు వాళ్ళ నోట పలికించావు. పైకి చదివితే నీకే నవ్వొస్తుంది.

రాయడానికి టైమ్ దొరకట్లేదన్నావు. ఆంథొనీ ట్రోలోప్ అని పంతొమ్మిదో శతాబ్దపు ఇంగ్లీషు నవలాకారుడు, పోస్టల్ శాఖలో ఉద్యోగం చేస్తూనే, పొద్దున్న ఐదున్నరకల్లా బల్ల ముందు కూర్చుని, ఎదురుగా గడియారం పెట్టుకుని పావుగంటకి 250 మాటల చొప్పున రాసేవాడట. నాకైతే ఆ గడియారం తలుచుకుంటేనే టెన్షన్. మనకి పనికొచ్చేది అది కాదులే, రోజూ రాతకి కేటాయించుకున్న మూడు గంటల్లో మొదటి అరగంట ఆయన కొత్తగా ఏమీ రాసేవాడు కాదు, నిన్న రాసింది చదువుకుంటూ మాటల చప్పుడు చెవికి ఎలా ఉందో చూసుకునేవాడు. ఇది నువ్వూ చెయ్యి, అరగంట కాకపోతే పది నిమిషాలు. నిన్నటి వాక్యాలు సరిచేస్తూ ఉంటే ఇవాళ్టి మొదటి వాక్యం దానంతటదే దొరుకుతుంది, ఖాళీ పేజీ ముందు బిక్కమొహం వేసుకుని కూర్చునే బాధ ఉండదు. ఇంట్లోవాళ్ళు నిద్రలేవకముందో, అందరూ పడుకున్నాకో, ఏ వేళైనా సరే, రోజూ అదే వేళ అయితే చాలు.

పోటీ గడువు దగ్గర పడిందని దీన్ని హడావుడిగా పంపెయ్యకు. ఓ రెండు వారాలు ఫైల్ తెరవొద్దు, ఈలోగా ఇంకో కథ మొదలుపెట్టు. తర్వాత దిద్ది పంపు. పాత ప్రతి డిలీట్ చెయ్యకేం, రెండూ పక్కపక్కన పెట్టుకుని చూద్దాం.

ఉంటాను,
అన్నయ్య