తూచేదా, లెక్కపెట్టేదా?

నల్లగొండ,
ఆదివారం పొద్దున

బిడ్డా,

నువ్వు వాట్సాప్‌లో పంపిన పేజీలు రాత్రే చూశాను. ఇరవై డేటా సఫిషియెన్సీ బిట్లలో కీ ప్రకారం పదకొండు తప్పు. "లెక్కలు రాక కాదు పెద్దనాయనా, చేస్తే అన్నీ వస్తున్నాయి, ఆప్షన్ దగ్గరే బోల్తా పడుతున్నా" అని కింద రాశావు. నిజమే. నీ రఫ్ పేజీలు కూడా చూశాను కదా, ఒక్కో సమీకరణం ఎంత శుభ్రంగా సాధించావో. అక్కడే వచ్చింది చిక్కు. సాధించమని నిన్ను ఎవరడిగారు?

దీన్ని పుస్తకాల్లో 'దత్తాంశ పర్యాప్తత' అంటారు. ఆ పేరు చూసే సగం మంది పేజీ తిప్పేస్తారు. అడిగేది మాత్రం చిన్న మాట: ఇచ్చిన వివరం సరిపోతుందా, సరిపోదా? నువ్వు ఎంబీఏ, ఎంసీఏ సీట్ల కోసం రాసే ఐసెట్‌లో నాలుగు ఆప్షన్లు. మొదటి వాక్యం ఒక్కటే చాలు, రెండోది ఒక్కటే చాలు, రెండూ కలిపితేనే చాలు, రెండూ కలిపినా చాలదు. జవాబు 12 వచ్చిందా 13 వచ్చిందా అని అక్కడ ఎవరూ చూడరు. ఒకే జవాబు వస్తుందా లేదా అన్నది తేలితే నీ పని అయిపోయింది.

టీచర్ ఉద్యోగం రాకముందు నేనూ ఒక బ్యాంకు పరీక్ష రాశాను. ఇలాంటి బిట్లు వస్తే పంతం పట్టి ప్రతిదీ చివరి అంకె దాకా తీశాను. ఒక దాంట్లో భిన్నం వచ్చింది, తప్పేమోనని మళ్ళీ మొదటి నుంచి చేశాను. బెల్లు కొట్టేసరికి ఇంకా రెండు పేజీలు ముట్టుకోలేదు. ఆ ఉద్యోగం అట్లా పోయింది.

నాకు ఈ లెక్క నేర్పింది ఏ కోచింగూ కాదు, మీ నాయనమ్మ. అప్పట్లో మన చేన్లలో ఆముదాలు ఎక్కువ. మా నాయన నల్లగొండ మార్కెట్లో ఆముదాలు అమ్మి వచ్చిన ఒకరోజు దారిలో వాన పడింది. జేబులో తక్‌పట్టీ, అంటే మార్కెట్లో ఇచ్చే అమ్మకం చీటీ, నానిపోయి, రేటు, తూకం అన్నీ అలుక్కుపోయాయి. హమాలీ 6 రూపాయలు అన్న ఒక్క గీత మిగిలింది. "బస్తాకు అర్ధరూపాయి కదా హమాలీ, అంటే పన్నెండు బస్తాలు పోయినయి" అంది అమ్మ, పొయ్యి ముందు నుంచి లేవకుండానే. ఎన్ని క్వింటాళ్ళు అని నాయన అడిగితే మాత్రం "అది ఇందులో యాడుంది?" అంది. ఆ చీటీ బస్తాలకు చాలింది, క్వింటాళ్ళకు చాలలేదు. చదువు రాని మనిషి ఆ రెండూ విడివిడిగా చూసింది.

ఇప్పుడు నీ తప్పుల సంగతి. పదకొండింట్లో ఏడు చోట్ల నువ్వు 3 పెట్టావు, అంటే 'రెండూ కలిపితేనే' అని. ఎందుకో నాకు తెలుసు. తెలియనివి రెండు ఉంటే సమీకరణాలు రెండు కావాలని మా లాంటి వాళ్ళమే పదో తరగతిలో నూరిపోశాం. పేపరు తయారుచేసేవాడికి కూడా ఆ సంగతి తెలుసు. ఉచ్చు సరిగ్గా అక్కడే పెడతాడు.

ఇది చూడు. బత్తాయి ఒకటి 15 రూపాయలు, నిమ్మకాయ ఒకటి 4 రూపాయలు. ఒకామె రెండు రకాలూ కొన్నది. బత్తాయిలు ఎన్ని? మొదటి వాక్యం: మొత్తం 62 రూపాయలైంది. రెండో వాక్యం: మొత్తం 10 కాయలు కొన్నది.

నువ్వైతే 15బ + 4న = 62, బ + న = 10 అని రాసి, బ = 2 తీసి, 3 పెట్టేస్తావు. ఆగు. రెండో వాక్యాన్ని అరచేత్తో మూసెయ్. 62లోంచి ఒక 15 తీస్తే 47, నాలుగుతో పోదు. రెండు తీస్తే 32, ఎనిమిది నిమ్మకాయలు. మూడు తీస్తే 17, పోదు. నాలుగు తీస్తే 2, పోదు. ఇక తీయడానికి లేదు. ఒక్క జవాబే కుదిరింది కాబట్టి మొదటి వాక్యం ఒక్కటే చాలు. కాయను సగం చేసి ఎవరూ అమ్మరు కదా, ఆ చిన్న సంగతే ఇక్కడ రెండో సమీకరణం.

అదే లెక్కలో కాయలు తీసి కిలోలు పెట్టు. పావు కిలో కొనొచ్చు, ముప్పావు కొనొచ్చు, జవాబులకు అంతు ఉండదు. అప్పుడు నువ్వు పెట్టిన 3 కరెక్టు. అందుకే ప్రశ్న చదవగానే పక్కన రాసుకో: ఇది తూచేదా, లెక్కపెట్టేదా? మనుషులు, బస్సులు, కాయలు, టికెట్లు లెక్కపెట్టేవి. బియ్యం, దూరం, సమయం, వయసు తూచేవి. వయసు పూర్ణాంకమని ప్రశ్నలోనే చెప్తే తప్ప నీ అంతట నువ్వు అనుకోవద్దు.

లెక్కపెట్టేదైతే ప్రతిసారీ ఒక వాక్యం చాలుతుందనీ అనుకోకు. పై లెక్కలో 62 బదులు 122 పెడితే బత్తాయిలు 2 కావచ్చు, 6 కావచ్చు. ఒక్క వాక్యం చాలదు. 92 పెడితే ఇంకా తమాషా. బత్తాయిలు 4, నిమ్మకాయలు 8 కుదురుతుంది. బత్తాయే లేకుండా 23 నిమ్మకాయలూ కుదురుతుంది. 'రెండు రకాలూ కొన్నది' అన్న మాట ప్రశ్నలో ఉంటే సున్నా పోతుంది, ఒక జవాబే మిగులుతుంది. ఆ మాట లేకపోతే చాలదు. ప్రశ్న గబగబా చదివేవాళ్ళు ఇక్కడే పడతారు, నీతో సహా.

దీనికి తిరగబడ్డ ఉచ్చు ఇంకోటి ఉంది. సమీకరణాలు రెండున్నట్టు కనిపిస్తాయి, నిజానికి ఒకటే. కొడుకు వయసు ఎంత? ఒకటి: తండ్రి కొడుకు కంటే 24 ఏళ్ళు పెద్ద. రెండు: 5 ఏళ్ళ తర్వాత ఇద్దరి వయసులు కూడితే, కొడుకు ఇప్పటి వయసుకు రెండింతల కంటే 34 ఎక్కువ. రెండోదాన్ని విప్పి చూడు. త + క + 10 = 2క + 34, అంటే త = క + 24. మొదటి వాక్యమే వేషం మార్చుకొని వచ్చింది! పెట్టాల్సింది ఆప్షన్ 4, రెండూ కలిపినా చాలదు. సాధించనవసరం లేదన్నాను కానీ, సమీకరణాన్ని ఇట్లా సర్ది చూసే దాకా మాత్రం పోవాలి. అక్కడ బద్ధకిస్తే కుదరదు.

అసమీకరణాలంటే నీకు టెన్షన్ అని తెలుసు. అవి వస్తే వదిలేసినట్టున్నావు, రఫ్‌లో ఏమీ లేదు. నాటుకు కూలీలు వచ్చారు, ఒక్కొక్కరికి 400. ఎంతమంది? ఒకటి: మొత్తం కూలి 5,000 దాటలేదు. రెండు: 4,700 దాటింది. మొదటిదాన్ని బట్టి 12 మందికి మించరు. రెండోదాన్ని బట్టి 11 మంది అయితే 4,400, చాలదు, కాబట్టి కనీసం 12. రెండూ కలిపితే 12 ఒక్కటే. 'కంటే ఎక్కువ, కంటే తక్కువ' అని ఉంటే కచ్చితమైన జవాబు రాదని అనుకునేవాళ్ళు దీనికి 4 పెడతారు.

'అవునా, కాదా' అని అడిగే రకం ఇంకా ముఖ్యం. నకిరేకల్ మార్కెట్‌కు నిమ్మకాయలు వేసిన రైతుకు 50,000 దాటిందా? ఒకటి: 60 బస్తాల కంటే ఎక్కువ అమ్మాడు, ఏ బస్తాకూ 700 తగ్గలేదు. రెండు: 70 బస్తాల కంటే తక్కువ అమ్మాడు, ఏ బస్తాకూ 700 మించలేదు. మొదటిదాంతో 42,000 దాటిందని తెలుస్తుంది, 50,000 దాటిందో లేదో తెలియదు. రెండోదాంతో 49,000 కూడా రాలేదని తేలిపోయింది. జవాబు 'కాదు'. నువ్వు అది చూసి 'కాదు కాబట్టి చాలదు' అని కొట్టేశావు, ఇలాంటివే రెండు ఉన్నాయి నీ పేపర్లో. కచ్చితంగా కాదు అని చెప్పగలగడం కూడా చాలడమే బిడ్డా.

ఇంకో సంగతి. కిలో బియ్యం, కిలో కందిపప్పు కలిపి ఎంత అని అడిగి, నాలుగేసి కిలోలు 880 అన్నాడనుకో. విడి ధరలు ఎప్పటికీ తెలియవు, కలిపి 220 అని తెలుసు. అడిగింది కలిపే. చాలు.

ఐసెట్ కంప్యూటర్ మీద కదా, తెరను అరచేత్తో మూస్తూ కూర్చోలేవు. రఫ్ కాగితం మీద నిలువుగా గీత గీసి, ఎడమ పక్క మొదటి వాక్యం, కుడి పక్క రెండోది రాసుకో. మొదటిదాని సమాచారం రెండోదాంట్లోకి పాకకుండా ఆ గీత కాపలా కాస్తుంది. 150 నిమిషాల్లో 200 ప్రశ్నలు, ఒక్కోదానికి 45 సెకన్లు. అందులో ఇవి 20. నెగెటివ్ మార్కులు లేవు కాబట్టి తెలియని బిట్టు కూడా ఖాళీగా వదలకు. అదే బ్యాంకు పరీక్షలకు కూర్చుంటే తప్పుకు పావు మార్కు కోత, పైగా 'ఏ ఒక్కటైనా చాలు' అని ఐదో ఆప్షన్ కూడా ఉంటుంది. ఆప్షన్ల వరుస పుస్తకానికి, పుస్తకానికి మారుతుంది, ప్రతి పేపర్లో ముందు అది చదువు.

2025లో ఐసెట్ పెట్టింది ఇక్కడి మన మహాత్మా గాంధీ యూనివర్సిటీయే, తెలుసా? మీ పాలమూరు హాస్టల్లో ఉన్న వాళ్ళకు ఈ మాట చెప్పి కొంచెం గొప్పలు పోవచ్చు.

3 పెట్టిన ఆ ఏడు బిట్లూ మళ్ళీ చేసి పంపు. ఈసారి జవాబు వద్దు, ఏ వాక్యంతో ఎన్ని జవాబులు కుదిరాయో అది రాయి. ఏడు కాదు, ఆరే చెయ్. పధ్నాలుగో బిట్టు వదిలెయ్. హాస్టల్ పిల్లలను ముగ్గురేసి సర్దితే ఇద్దరు మిగిలారు, మొత్తం పిల్లలు 30 కంటే ఎక్కువ, 34 కంటే తక్కువ అన్నది. 31, 32, 33లో మూడుతో భాగిస్తే రెండు మిగిలేది 32 ఒక్కటే. కీలో 4 వేశారు. నువ్వు పెట్టిన 3 కరెక్టే.

మీ పెద్దనాయన