గురి దాటిపోతుంటే

ప్రశ్న: అన్నా, నేను ఇంటర్ సెకండియర్. సాయంత్రాలు దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక గేమింగ్ సెంటర్‌కి వెళ్లి వాలరెంట్ అనే తుపాకుల ఆట ఆడతాను. మౌస్ 1600 డీపీఐ (అంగుళం జరిపితే మౌస్ లెక్కపెట్టే అడుగులు), గేమ్‌లో సెన్సిటివిటీ (మౌస్ కదలికకి గురి ఎంత తిరగాలో చెప్పే అంకె) 1. ఎదుటివాడు కనిపించగానే గురి వాణ్ని దాటి అవతలికి పోతోంది. ఏం చేయాలి?
- ఓ పాఠకుడు, హైదరాబాద్

జవాబు: తమ్ముడూ, లోపం నీ చేతిలో లేదు, ఆ అంకెల్లో ఉంది. ఆ సెట్టింగ్‌తో మౌస్ 8 సెంటీమీటర్లు జరిపితే చాలు, ఆటలో నువ్వు గుండ్రంగా ఒక చుట్టు తిరిగేస్తావు, అలాంటప్పుడు టెన్షన్‌లో చెయ్యి కాస్త అదిరినా గురి మనిషిని దాటిపోక ఏం చేస్తుంది? 800 డీపీఐ, సెన్సిటివిటీ 0.3 పెట్టు. అదే చుట్టుకి అప్పుడు 54 సెంటీమీటర్లు కావాలి. మొదట్లో బరువుగా అనిపిస్తుంది, అయినా వారం దాకా మార్చకు. మణికట్టుతో సరిపోదు, మోచేయి నుంచి కదపాలి, కీబోర్డ్‌ని పక్కకి జరిపి చోటు చేసుకో.

నేను అన్నిటికన్నా ముఖ్యమనుకునేది ఇంకోటుంది. ఆటలో నడిచేటప్పుడు చాలామంది గురిని నేల మీద పెడతారు. క్రాస్‌హెయిర్‌ని, అంటే తెర మధ్యలో ఉండే గురి గుర్తుని, ఎప్పుడూ తల ఎత్తులో, గోడ మూలకి కొంచెం ఎడంగా ఉంచు, ఎదుటివాడు బయటికి రాగానే మౌస్ వెంట్రుకవాసి కదిపితే చాలు. పరిగెడుతూ కాల్చకు, తూటాలు చెదిరిపోతాయి, ఆగి కాల్చు.

సెన్సిటివిటీ నీ అకౌంట్‌తోనే వస్తుంది కానీ డీపీఐ ఆ మౌస్‌ది, కాబట్టి సెంటర్‌లో సీటు మారిన ప్రతిసారీ ముందు అది చూసుకో.