మరిది బైకు చూసి పెన్షన్ కొట్టేశారు

ప్రశ్న: అక్కా, నమస్తే. మాది మదనపల్లె దగ్గర పల్లె. పదకొండేళ్లుగా బెంగళూరు కె.ఆర్.పురంలో ఉంటున్నాం. మా ఆయన బిల్డింగుల్లో కమ్మీలు వంచే పని చేసేవారు. రెండేళ్ల కిందట మిషన్‌లో పడి కుడి చేయి నలిగిపోయింది. ప్రభుత్వాసుపత్రిలో 55 శాతం వైకల్యం అని సర్టిఫికెట్ ఇచ్చారు, యూడీఐడీ (వికలాంగుల గుర్తింపు) కార్డూ వచ్చింది. వికలాంగుల పెన్షన్‌కి అర్జీ పెడితే ఆర్‌ఐ (రెవెన్యూ ఇన్‌స్పెక్టర్) వచ్చి, వాకిట్లో ఉన్న బైకు చూసి రాసుకుని వెళ్లారు. తర్వాత ఫోన్‌కి మెసేజ్ వచ్చింది, ఆదాయం ఎక్కువని తిరస్కరించామని. ఆ బైకు పక్క వాటాలో ఉండే మా మరిదిది. సెంటర్‌లో అడిగితే మళ్లీ కొత్తగా పెట్టుకోమంటున్నారు. పెట్టమంటారా?
– ఒక సోదరి, కె.ఆర్.పురం

జవాబు: ఇప్పుడే పెట్టకు చెల్లీ. ఏదైనా కాగితం తక్కువై వెనక్కి పంపితే కొత్త అర్జీ సరిపోతుంది. నీ విషయంలో తప్పు వాళ్లు రాసుకున్న దాంట్లో ఉంది. కొత్తగా పెడితే మళ్లీ ఎవరో వస్తారు, వాకిట్లో అదే బైకు ఉంటుంది.

ముందు నాడకచేరికి, అంటే తహసీల్దార్ కింద ఉండే రెవెన్యూ ఆఫీసుకి వెళ్లి కారణం రాతలో అడుగు. ఇక్కడి ఆఫీసుల్లో దాన్ని హింబరహ అంటారు, ఎండార్స్‌మెంట్ అన్నా అర్థమవుతుంది. అర్జీ పెట్టిన రోజు ఇచ్చిన రసీదు తీసుకెళ్లు, దాని మీద 15 అంకెల సకాల నంబరు, అంటే నీ అర్జీ నంబరు ఉంటుంది. కర్ణాటకలో ప్రభుత్వ సేవలు గడువులోగా అందాలని చెప్పే 2011 సకాల చట్టం కింద, తిరస్కరించిన 30 రోజుల్లోపు పై అధికారికి అప్పీల్ చేసుకోవచ్చు. తహసీల్దార్ కొట్టేస్తే అసిస్టెంట్ కమిషనర్ దగ్గరికి వెళ్లాలి. ఆర్‌ఐ ఏం రాశారో కాపీ కావాలంటే పది రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు కూడా వేయి. దానికి జవాబు రావడానికే 30 రోజులు పట్టొచ్చు కాబట్టి, దానికోసం అప్పీల్ ఆపుకోకు.

అప్పీల్ ఒక పేజీ చాలు. మీ కష్టమంతా రాయాలనిపిస్తుంది, నాకు తెలుసు. కానీ అక్కడ తేలాల్సింది బైకు సంగతి. "మా ఇంటి ముందు కనిపించిన బైకు నా తమ్ముడిది. అతని రేషన్ కార్డు వేరు, కరెంటు మీటరు వేరు, వంట వేరు. నాకు చేయి పోయాక పని లేదు" అని మీ ఆయన పేరుతో రాయించు. బైకు ఆర్‌సీ జిరాక్స్, రెండు రేషన్ కార్డులు, రెండు కరెంటు బిల్లులు, మీ ఆదాయ ధ్రువపత్రం, డాక్టరు సర్టిఫికెట్ జత చెయ్యి. ఆయన సంతకం పెట్టలేకపోతే ఎడమ బొటనవేలి ముద్ర వేయించు. కన్నడలో రాయడానికి వీధిలో బడికెళ్లే పిల్లల్ని అడిగినా రాసిపెడతారు. అమ్మో, ఆఫీసు కాగితం కదా అని టెన్షన్ పడకు.

రెండు కాపీలు తీసుకెళ్లి, నీ కాపీ మీద తేదీతో సీలు వేయించుకో. నేను ఒకసారి అది లేకుండానే ఇచ్చి వచ్చేశాను. నెల తర్వాత వెళితే, అసలు కాగితమే రాలేదన్నారు. పోలియో కాలితో ఆ మూడంతస్తులూ మళ్లీ ఎక్కాను, మెట్టు మెట్టుకీ గోడ పట్టుకుని. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

లాయరు కావాలంటే డబ్బు అక్కర్లేదు. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం, వికలాంగులకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్ని ఇవ్వాలి. బెంగళూరు సిద్దయ్య రోడ్డులో న్యాయ దేగుల అనే బిల్డింగ్ ఉంది, అక్కడి న్యాయసేవల ఆఫీసులో అడుగు.

ఇది చదివే మిగతావాళ్లకి ఒక మాట. డాక్టరు సర్టిఫికెట్‌లో వైకల్య శాతం 40కి తక్కువ వేశారన్నది మీ బాధైతే తహసీల్దార్ చుట్టూ తిరగకండి. 2016 వికలాంగుల హక్కుల చట్టం 59వ సెక్షన్ కింద ఆ సర్టిఫికెట్ మీదే అప్పీల్ చేయాలి. పరీక్షకి వెళ్లినప్పుడు బింకంగా ఉండొద్దు. చొక్కా బొత్తాం పెట్టుకోలేకపోతున్నాను, అన్నం ఎడమ చేత్తో తింటున్నాను అని ఉన్నదున్నట్టు చెప్పండి.

చెల్లీ, ఆ మెసేజ్ ఏ తేదీన వచ్చిందో నీ ఉత్తరంలో లేదు. ఈ పేజీ పక్కన పెట్టి, ముందు ఫోన్ తీసి చూడు. ముప్పై రోజులు దాటిపోయి ఉంటే, ఎందుకు ఆలస్యమైందో రెండు వాక్యాలు కలిపి అయినా సరే, ఈ వారంలోనే ఇచ్చెయ్యి.