కుస్తీ మానినంక ఉస్తాద్ కావాలంటే: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో కుస్తీ గురించి అడిగినవే ఎక్కువ. వాటిలో ఆరింటికి కుస్తీ శిక్షకుల బృందం జవాబులివి.

ప్రశ్న: అన్నా, మాది హన్మకొండ. నాకు 29 ఏండ్లు. 74 కిలోల్ల ఫ్రీస్టైల్ ఆడిన, రాష్ట్రస్థాయిల పతకాలున్నయి, నేషనల్స్ గూడ పోయిన. మోకాలు లిగమెంటు తెగి ఆపరేషనైంది. ఇగ పోటీలు బంద్ అన్నడు డాక్టర్. పిల్లలకు నేర్పుదామనుకుంటున్న. కోచ్ కావాలంటే ఏం చెయ్యాలె? ఆడినోనికి నేర్పుడు కష్టమా?

జవాబు: కష్టమే తమ్ముడూ. పదిహేనేళ్లు ఆడినవాడికి పట్టు ఒంట్లోనే ఉంటుంది. కాలు ఎప్పుడు లాగాలో ఆలోచించకుండానే లాగేస్తాడు. ఆ ఆలోచించని పనినే ముక్కలు చేసి పదేళ్ల పిల్లవాడికి చెప్పమంటే నోరు పెగలదు. కుస్తీ మానిన మొదటి ఏడాది చాలామంది అక్కడే ఆగిపోతారు.

ముందు కాగితాల సంగతి. పటియాలాలోని నేతాజీ సుభాష్ జాతీయ క్రీడా సంస్థ (మనవాళ్లు ఎన్ఐఎస్ అనేది దాన్నే) కోచింగ్‌లో డిప్లొమా ఇస్తుంది. దానికి డిగ్రీ ఉండాలి, ఆటలో నీ స్థాయి చూపించే సర్టిఫికెట్లు ఉండాలి, పైగా ఒంటి దారుఢ్యానికీ ఆట నైపుణ్యానికీ పరీక్ష పెడతారు. లిగమెంటు ఆపరేషన్ తర్వాత తొమ్మిది నెలలైనా గడవకుండా, ఫిజియో సరేననకుండా ఆ పరీక్షకు పోవద్దు. మోకాలు మళ్లీ పోతే నేర్పడానికి కూడా పనికిరాదు. డిగ్రీ లేకపోతే ఆరు వారాల సర్టిఫికెట్ కోర్సుతో మొదలుపెట్టవచ్చు. అర్హతలు, తేదీలు ఆ ఏడాది నోటిఫికేషన్‌లోనే చూసుకో, పక్కోడు చెప్పింది నమ్మొద్దు. రెఫరీ పరీక్ష కూడా రాస్తే మంచిది. పాయింటు ఎందుకు వచ్చిందో, ఎందుకు పోయిందో తెలిసిన కోచ్ పిల్లల మీద ఊరికే అరవడు.

మల్లయోధులు కోచ్‌లుగా నిలబడ్డ దాఖలాలు మన దేశంలో చాలానే ఉన్నాయి. హర్యానాలోని హిసార్ ప్రాంతపు ఉదయ్‌చంద్ 1961లో యోకొహామా ప్రపంచ కుస్తీ పోటీల్లో కాంస్యం గెలిచాడు. ఆ పోటీల్లో మనవాళ్లలో వ్యక్తిగత పతకం తెచ్చిన మొదటివాడు ఆయనే. 1970లో ఎడిన్‌బరో కామన్వెల్త్ క్రీడల్లో స్వర్ణం కొట్టి, ఆ తర్వాత హిసార్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో కోచ్‌గా పాతికేళ్లు పనిచేశాడు. సత్పాల్ 1982 ఢిల్లీ ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచి, తర్వాత అక్కడి ఛత్రసాల్ స్టేడియంలో పిల్లల్ని తయారుచేశాడు. ఆయన దగ్గర పెరిగిన సుశీల్ కుమార్ ఒలింపిక్స్‌లో 2008లో కాంస్యం, 2012లో రజతం తెచ్చాడు. సత్పాల్‌కు 2009లో కోచ్‌లకిచ్చే ద్రోణాచార్య పురస్కారం వచ్చింది. ఆ సత్పాల్‌కు గురువైన గురు హనుమాన్‌కు పేరొచ్చింది మాత్రం పతకాలతో కాదు, ఢిల్లీలో నడిపిన అఖాడాతో (కుస్తీ బడితో). కాబట్టి రాష్ట్రస్థాయి దాకానే ఆడానని చిన్నబుచ్చుకోవద్దు.

ఇక గోదాలో పని. కొత్త పిల్లలకు మొదటి నెల పట్టు అన్న మాటే ఎత్తకు. పడటం నేర్పు: గదమ ఛాతీకి ఆనించి, వీపు గుండ్రంగా చేసి, చేత్తో నేలను చరుస్తూ వెనక్కీ పక్కలకూ పడటం. చెయ్యి చాచి ఆనుకున్నవాడికి మోచేయో మణికట్టో పోతుంది. కొత్తవాళ్లు దెబ్బలు తినేది ఎక్కువగా ఇలాగే. తర్వాత నిలబడే తీరు, ఆ నిలుపు చెదరకుండా జరగడం, తర్వాత స్ప్రాల్, అంటే కాళ్ల మీదికి వచ్చినవాడి వీపు మీద నడుం బరువు దించి రెండు కాళ్లూ వెనక్కి విసరడం. ఒంటికాలి పట్టు (ఎదుటివాడి ఒక కాలు పట్టి పడేయడం) రెండో నెలలోనే. అందులో కనబడే తప్పులు నాలుగే: దూరం నుంచి చేతులు చాచడం, నడుం వంచి మోకాళ్లు వంచకపోవడం, కిందికి చూడటం, తల బయటివైపు పెట్టడం. ఆఖరిది ప్రమాదం. తల బయట ఉంటే మెడ ఎదుటివాడి చంకలో ఇరుక్కుంటుంది. తల లోపలికి, చెవి అతని పక్కటెముకలకు ఆనాలి. ఒక్క రోజు ఒక్క తప్పే దిద్దు. నాలుగూ ఒకేసారి చెబితే వాడికి ఒక్కటీ గుర్తుండదు.

గంటంబావు తరగతి చాలు. పావుగంట ఒళ్లు వేడెక్కడానికి, అరగంట నేర్పడానికి, పావుగంట జతలు కట్టి ఆడించడానికి, మిగతాది ఒళ్లు సాగదీయడానికి. జతల్లో బరువు తేడా పదో వంతు దాటొద్దు. 40 కిలోల వాడికి 44 వాడు పర్లేదు, 50 వాడు వద్దు. ఉత్తగా వదిలేసి కొట్లాడుకోమనొద్దు. కాలు చేతికి చిక్కిన స్థితిలో నిలబెట్టి 30 సెకన్లు ఆడించు, మళ్లీ అక్కడి నుంచే. ఒక్కడివే ఉంటే ఇరవై మందికి మించి చేర్చుకోకు.

పాత పహిల్వాన్లు చేసే పొరపాట్లు రెండు. తమకు పేరు తెచ్చిన పట్టునే అందరికీ నేర్పుతారు. ధోబీపాట్‌తో (భుజం మీదుగా ఎత్తి విసిరే పట్టుతో) గెలిచినవాడి శిష్యులందరూ ధోబీపాట్ కోసమే వెతుకుతుంటారు, పొడుగు కాళ్ల పిల్లవాడికి అది కుదరకపోయినా సరే. రెండోది శిక్షగా దండీలు, బస్కీలు. అలవాటు లేని పిల్లవాడితో ఒక్కసారే మూడు నాలుగు వందల బస్కీలు తీయిస్తే కండరాలు చితికి, రెండు రోజుల్లో మూత్రం కోలా రంగులో వస్తుంది. అది కిడ్నీల దాకా పోయే వ్యవహారం, వెంటనే ఆస్పత్రికి తీసుకుపోవాలి. కొత్తవాడు 20తో మొదలుపెట్టి వారానికి పదేసి పెంచితే చాలు.

ఒక నోటుపుస్తకం పెట్టు: హాజరు, వారం వారం బరువు, దెబ్బలు. ఆడపిల్లలు వస్తుంటే ఒక మహిళ ఎప్పుడూ అక్కడ ఉండాలి, తల్లిదండ్రులు ఎప్పుడైనా వచ్చి చూసేలా తలుపులు తెరిచే ఉండాలి. ఇందులో మినహాయింపుల్లేవు.

ప్రశ్న: మా ఊరు నర్సంపేట దగ్గర. పాత తాలింఖానా (కుస్తీ నేర్పే చోటు) జాగ ఖాళీగ ఉన్నది. యూత్ అందరం కలిసి గోదా తయారు చేద్దామనుకుంటున్నం. మన్ను ఎంత కావాలె, ఏ మన్ను?

జవాబు: 20 అడుగులకు 20 అడుగులు, లోతు అడుగున్నర లెక్కేసుకోండి. 600 ఘనపుటడుగులు. మీ వైపు ట్రాక్టర్ ట్రిప్పు 80 నుంచి 100 ఘనపుటడుగులు పడుతుంది కాబట్టి ఆరు నుంచి ఎనిమిది ట్రిప్పులు. తొక్కితే దిగుతుంది, ఇంకొకటి పక్కన కుప్ప పోసి ఉంచండి.

మొరం వద్దు, మోకాళ్లు చెక్కుకుపోతాయి. ఉత్త నల్లరేగడీ వద్దు, తడిస్తే జిగురు, ఎండితే పెళ్లలు. చెల్క ఎర్రమన్ను నాలుగు పాళ్లు, ఎండబెట్టి చితక్కొట్టిన చెరువు మట్టి ఒక పాలు కలిపి చూడండి. పత్తి చేన్లదీ మిర్చి తోటలదీ మాత్రం తేవద్దు. మందులు కొట్టిన మన్ను ఒంటికీ కంటికీ మంచిది కాదు. అంతా సన్న జల్లెడ పట్టండి, తర్వాత అయస్కాంతం కట్టిన కర్రతో ఒకసారి దువ్వండి. ఊరి మట్టిలో మేకులు, గాజు పెంకులు లేని చోటుండదు.

అయిదు కిలోల పసుపు, పది లీటర్ల నువ్వుల నూనె, ఇరవై లీటర్ల మజ్జిగ, ఎండిన వేపాకు పొడి కలిపితే సరిపోతుంది. నూనె పని దుమ్ము లేవకుండా పట్టడం. నెయ్యి, బాదం పోయడం డాబే, అది పిల్లల గ్లాసులో పోయండి. పసుపు వేశాం కదా అని పుండ్లున్నవాణ్ని దించొద్దు. ప్రతి ఒక్కరికీ టెటనస్ టీకా అయి ఉండాలి.

రోజూ తవ్వాల్సిందే. తెల్లారుజామున పారతో జానెడు లోతు తిరగేసి, చదును చేసి, నీళ్లు చిలకరించాలి. పిడికిట్లో పట్టి ఒత్తితే ముద్ద కట్టాలి, వేలితో నొక్కితే విడిపోవాలి. అరచేతికి అంటుకుంటే నీళ్లు ఎక్కువ. నాలుగు రోజులు తవ్వకపోతే సిమెంటు గచ్చులా బిగుస్తుంది, దాని మీద పడితే భుజం పోతుంది. పైన రేకులు తప్పనిసరి, చుట్టూ నేల కంటే అర అడుగు ఎత్తుగా గట్టు కూడా, లేకపోతే మొదటి ముసురుకే బురద.

ఇంకోటి. పోటీలన్నీ మ్యాట్ మీదే. మన్నులో కాలు నెమ్మదిగా కదులుతుంది, పట్టు దొరికితే ఎంతసేపైనా పట్టుకోవచ్చు. మ్యాట్ మీద 17 ఏళ్లలోపు వాళ్లకు రెండేసి నిమిషాల రెండు రౌండ్లు, పెద్దలకు మూడేసి. కింద పడేసి అదుపులోకి తెస్తే 2 పాయింట్లు, మ్యాట్ మీది వలయం గీత దాటితే ఎదుటివాడికి 1, ఫ్రీస్టైల్‌లో 10 తేడా వస్తే ఆట అక్కడికే ఖతం. మన్ను పిల్లలు ఎక్కువగా ఓడేది గీత దగ్గర. గోదాలోనే సున్నంతో 9 మీటర్ల వలయం గీద్దామంటే మీ 20 అడుగుల్లో పట్టదు, అందుకే వారానికి రెండు రోజులైనా దగ్గర్లోని మ్యాట్ మీద ఆడించండి.

ప్రశ్న: మాది జమ్మికుంట. మా బాబుకు 13 ఏండ్లు, 45 కిలోలు. వారంల సెలక్షన్ ఉన్నది, 41కి దిగాలె అంటున్నడు వాళ్ల సారు. అన్నం బంద్ చేసిండు, స్వెటర్ ఏసుకొని ఉరుకుతున్నడు. ఏం గాదా?

జవాబు: అవుతుందమ్మా. ఆపండి. వారంలో నాలుగు కిలోలంటే ఒంటి బరువులో దాదాపు పదకొండో వంతు. అంత తక్కువ రోజుల్లో పోయేది కొవ్వు కాదు, నీళ్లు. ఉబ్బరపోసే మన ఎండల్లో స్వెటర్ వేసుకుని పరుగెడితే వడదెబ్బే. అమెరికాలో 1997లో నెలా పది రోజుల్లోపే ముగ్గురు కాలేజీ మల్లయోధులు ఇలా బరువు దించుకుంటూ చనిపోయారు. ఆ తర్వాతే అక్కడ ఆవిరి గదులు, రబ్బరు సూట్లు నిషేధించి, తూకం సమయాన్ని ఆటకు దగ్గరగా పెట్టారు.

15 ఏళ్లలోపు బాలుర ఫ్రీస్టైల్‌లో 41, 44, 48 తరగతులున్నాయి. మీ బాబు 48లో ఆడాలి. మూడు కిలోల తేడా అతని ఎదుగుదలకు కొన్ని నెలల పని. సారుతో గొడవ వద్దు, "48లోనే పెట్టండి సార్, లేదంటే ఈసారి వదిలేస్తాం" అని గట్టిగా ఒక్క మాట చెప్పండి.

పెద్దవాళ్ల సంగతి వేరు కదా అనుకోవచ్చు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో వినేశ్ ఫోగాట్ 50 కిలోల ఫైనల్ చేరి, రెండో ఉదయం తూకంలో 100 గ్రాములు ఎక్కువై పతకమే పోగొట్టుకుంది. చుట్టూ డాక్టర్లు, కోచ్‌లు, ఫిజియోలు ఉన్నచోట ఆ గతి. ఎనిమిదో తరగతి పిల్లవాడికి ఈ లెక్కలెందుకు?

ఇప్పటికిప్పుడు ఉప్పు, నీళ్లు మామూలుగా ఇవ్వండి. అన్నం, పప్పు, గుడ్డు, పెరుగు ఏదీ ఆపొద్దు. తల తిరుగుతున్నా, మూత్రం ముదురు పసుపుగా వస్తున్నా పరుగు మాన్పించి డాక్టరుకు చూపించండి.

ప్రశ్న: ప్రాక్టీసులో చెవి వాచి మెత్తగా అయింది. సీనియర్లు "పహిల్వాన్ చెవి వచ్చింది, మంచిదే" అంటున్నారు. (కాజీపేట)

జవాబు: మంచిది కాదు. చెవి గుల్లకూ (చెవికి ఆకారమిచ్చే మెత్తటి ఎముకకూ) దాని పైపొరకూ మధ్య రక్తం చేరింది. గుల్లకు ఆహారం ఆ పొర నుంచే అందుతుంది, అది విడిపోతే గుల్ల చచ్చి ముడుచుకుంటుంది. రెండు మూడు రోజుల్లోపు ఈఎన్‌టీ డాక్టరు దగ్గర రక్తం తీయించి, మళ్లీ నిండకుండా ఒత్తిడి కట్టు కట్టించుకోవాలి. వారం దాటితే గడ్డకట్టి గట్టిపడుతుంది. ఇంట్లో సూదితో పొడవొద్దు, చీము పడుతుంది. కాపడం, మాలిష్ వద్దు. వారం పది రోజులు పట్టు జోలికి పోకుండా, తర్వాత ప్రాక్టీసులో చెవి కవచం పెట్టుకోండి.

ప్రశ్న: మా హాల్లో సగం మందికి తామర. మందులషాపు క్రీము రాస్తే తగ్గి మళ్లీ వస్తోంది. (మంచిర్యాల)

జవాబు: ఆ క్రీములో స్టెరాయిడ్ ఉండి ఉంటుంది. దురద ఆగుతుంది, తామర లోపల పాకుతుంది. ట్యూబు మీద క్లోబెటాసోల్, బెక్లోమెటాసోన్ లాంటి పేర్లుంటే పారేసి చర్మ డాక్టరును కలవండి. మందు మొదలుపెట్టి మూడు రోజులైనా దాటేదాకా ఎవరి ఒంటికీ తగలొద్దు, తలలో ఉంటే రెండు వారాలు. నీటిబుగ్గలు గుంపుగా లేస్తే అది తామర కాదు, వైరస్ కావచ్చు, ఆ రోజే చూపించండి. మ్యాట్‌ను రోజూ పది లీటర్ల నీళ్లలో 100 మిల్లీలీటర్ల ద్రవ బ్లీచ్ కలిపి తుడిచి, పది నిమిషాలాగి మంచినీళ్లతో తుడవండి. ఆ నీళ్లు ఏ రోజువి ఆ రోజే కలపాలి. తువ్వాళ్లు ఎవరివి వాళ్లవే.

ప్రశ్న: మా మద్నూర్ వైపు జాతరల్ల కొబ్బరికాయ కుస్తీతోని మొదలుపెట్టి ఆఖరుకు వెండి కడెం కుస్తీ పెడ్తరు. మా తాలీం పిల్లల్ని దింపొచ్చా?

జవాబు: దింపొచ్చు, కొబ్బరికాయ బహుమతిగా పెట్టే చిన్న జోడీల దాకానే. అక్కడ తూకం ఉండదు, జోడీ కుదిర్చేది కంటిచూపుతోనే, పైగా చుట్టూ ఈలలు. అందుకే కోచ్ ముందే పోయి జోడీ తనే చూడాలి, బరువు తేడా ఎక్కువైతే పెద్దమనుషులు ఎంత బతిమాలినా వద్దనాలి. గోళ్లు కత్తిరించి, కడాలు, మొలతాళ్లు, చెవిపోగులు తీయించండి. దింపే ముందు గోదా మన్ను ఒకసారి చేత్తో తిరగేసి చూడండి. తవ్వకుండా నీళ్లు మాత్రం చల్లిన గోదా అయితే పిల్లల్ని తీసుకుని ఇంటికి వచ్చేయండి.